ఉప్పు వేసి వేయించిన ఓట్లు

ముందుగా ఒట్టు. మా బొరుగుల ఉగ్గాని మీద, దాని పక్కన పెట్టే మిరపకాయ బజ్జీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇక్కడ రాసిన ప్రతి మాటా నిజం. బళ్ళారి జిల్లాలో ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు. కోర్టులో అబద్ధం చెప్పినవాణ్ణి మావాళ్ళు క్షమిస్తారేమో కానీ, ఉగ్గాని మీద ఒట్టేసి తప్పినవాడికి మరునాడు పొద్దున హోటల్లో బజ్జీ వడ్డించరు.

ఎన్నికల్లో ఓట్లు గల్లంతయ్యాయని మీరు ఎన్నోసార్లు వినే ఉంటారు. ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదంటారు. మా ఊళ్ళో గల్లంతైన ఓట్లు ఎక్కడికి పోయాయో అందరికీ తెలుసు, కానీ వెనక్కి తీసి ఇవ్వడం ఎవరివల్లా కాలేదు. దానికి కారణం నేనే. కుర్రతనంలో చేసిన పని లెండి. నాలుగేళ్ళ కిందటి మాట, అప్పటికి నాకు నలభై ఎనిమిదే.

మాది తుంగభద్ర కాలువ కింద ఊరు. పేరు రాయను. రాస్తే మావాళ్ళు నన్ను ఎత్తి కాలువలో వేస్తారు, నాకు ఈత రాదు. నా పేరు తిప్పన్న. పంచాయితీ ఆఫీసుకు ఎదురుగా నాకో జిరాక్స్ అంగడి ఉంది. ఆ ఆఫీసులోకి వెళ్ళే కాగితమైనా, బయటికి వచ్చే కాగితమైనా నా మిషను అద్దం మీద ఒకసారి బోర్లా పడుకుని లేవాల్సిందే. నేను చదవకుండా ఒక్క కాపీ కూడా తీయను. అందుకని ఊళ్ళో ఎవరికి ఏ రూలు కావాలన్నా నా దగ్గరికే వస్తారు. నాకు తెలియని రూలు అడిగితే అప్పటికప్పుడు ఒకటి తయారుచేసి ఇచ్చేవాణ్ణి. వచ్చిన గిరాకీని ఉత్త చేతులతో పంపితే అంగడి నడుస్తుందా?

ఊరి చుట్టూ కాలువ నీళ్ళు, కనుచూపు మేర వరి. తాగడానికి మాత్రం చుక్క లేదు. బోరు వేస్తే ఉప్పు నీళ్ళు. ఆ నీళ్ళతో పప్పు ఉడకబెడితే ఉడకడానికి అదే సిగ్గుపడేది. తాగేనీళ్ళన్నీ హనుమంతప్ప ట్రాక్టరు ట్యాంకరులో వచ్చేవి. హనుమంతప్ప ఊళ్ళో సగం మందికి మామ, పావు మందికి చిన్నాయన. మిగిలిన పావు మందికి ఏమీ కాడు, కానీ వాళ్ళూ ఆయన్ను అన్నా అనే పిలిచేవాళ్ళు. పిలవకపోతే వాళ్ళ వీధిలో ట్యాంకరు ఆగేది కాదు మరి.

ఒకసారి ట్యాంకరు మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున మా ఈరమ్మ, అంటే నా భార్య, బ్యాగు సర్దుకుని వాకిట్లో నిలబడింది. ఆమె పుట్టిల్లు కూరెకుప్ప. అక్కడ వాళ్ళ వాకిట్లోనే కొళాయి ఉంది. ఆ సంగతి పెళ్ళయిన నాటి నుంచి ఆమె నన్ను మరిచిపోనిచ్చింది లేదు.

"ఏమయ్యా, మా అమ్మగారింట్లో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. ఈడ నేను ఊరంతా తిరిగినా రావు. నేను పోతాండా."

"ఎన్ని దినాలకు?"

"మన వాకిట్లో కొళాయి వచ్చేదాకా."

"అది ఎప్పుడొస్తాదో పంచాయితీకే తెలీదు కదమ్మే!"

"పంచాయితీ నీ అంగడి ముందరే ఉండాది కదా. అడిగి చెప్పు."

బస్సెక్కి వెళ్ళిపోయింది. ఇక నా వంట నేనే. నేను కాల్చిన మొదటి జొన్నరొట్టెను వీధి కుక్కకు వేస్తే, అది వాసన చూసి, నావంక జాలిగా చూసి, వాళ్ళింట్లో ఎవరో పోయినంత మెల్లగా నడిచి వెళ్ళిపోయింది. అదే రొట్టెను మరునాడు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

అలాంటి గడ్డుకాలంలో పంచాయితీ గోడమీద ఒక నోటీసు పడింది. పెద్ద ట్యాంకు కట్టి ఇంటింటికీ కొళాయి వేస్తారట. సర్కారు ఇచ్చింది సగానికే సరిపోతుందట, మిగతాది పంచాయితీ అప్పు తేవాలట. ఊరి పేరున అప్పు కాబట్టి ఊరు ఒప్పుకుంటేనే తెస్తారట, ఊరివాళ్ళంతా గ్రామసభకు వచ్చి ఓటు వేయాలట. నోటీసు కన్నడంలో ఉంది. నేను జిరాక్స్ తీస్తూనే చదివి అంగడి ముందు నిలబడి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఓటు ఎలా వేయాలో ఊరికి నేర్పే గురువు పదవి నాకు ఎవరూ ఇవ్వలేదు, ఖాళీగా కనబడితే నేనే ఎక్కి కూర్చున్నాను.

మొదట వచ్చినవారు సుబ్బారావు గారు. కాలువ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడినవాళ్ళ పేటను మేం క్యాంపు అంటాం. ఆయనది ఆ క్యాంపు. పుట్టింది ఇక్కడే అయినా, "మా గోదావరిలో అయితేనా" అనకుండా ఆయన మాట మొదలుపెట్టరు.

"మా గోదావరిలో అయితేనా, తిప్పన్న గారూ, ఇంట్లోకి నీళ్ళు వాటంతటవే నడిచొస్తాయండి. అది సరే, అప్పుకు ఓటెలా వేస్తారండీ?"

"సుళువు సార్. ఓటర్ల పట్టీలో ఈ ఊళ్ళో పేరుండాల. మనిషే రావాల, పెండ్లాం ఓటు మొగుడు, మొగుడి ఓటు పెండ్లాం వేసేదానికి లేదు. వాకిట్లో పుస్తకంలో సంతకమో వేలిముద్రో పెట్టాల. తీర్మానం చదువుతానే చేయెత్తాల. అంతే."

"చెయ్యెత్తడమా? హనుమంతప్ప గారి ఎదురుగానా?"

అడిగి ఆయన అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను. ఇద్దరం గొంతు తగ్గించాం.

ఇక్కడ మా ఆచారం ఒకటి మీకు చెప్పాలి. మా గ్రామసభలో తీర్మానం ఎవరూ వినరు. హనుమంతప్ప చెయ్యి ఎటుందో చూస్తారు. అది లేస్తే అందరివీ లేస్తాయి, ఒళ్ళో ఉంటే అందరివీ ఒళ్ళోనే. ఒకసారి సభ మొదలవకముందే ఆయన నెత్తి గోక్కోవడానికి చెయ్యెత్తాడు. డెబ్భై చేతులు లేచాయి. తీర్మానం ఇంకా చదవనేలేదు. అయినా పుస్తకంలో ఏకగ్రీవం అని రాసుకుని, దేనికి ఏకగ్రీవమో తర్వాత ఆలోచించారు. మరి కొళాయి వస్తే ట్యాంకరు మూలపడే మనిషి, ట్యాంకుకు చెయ్యెత్తుతాడా? ఆయన ఎత్తకపోతే ఊరు ఎత్తుతుందా? ఊరు ఎత్తకపోతే ఈరమ్మ వస్తుందా? నేను మళ్ళీ రొట్టె కాల్చాలా?

వెంటనే పీడీఓ మేడం దగ్గరికి పరుగెత్తాను. పంచాయితీ నడిపే ఆఫీసరామె. చిన్న వయసు, కన్నడంలో తెలుగు కలిపి మాట్లాడుతుంది.

"మేడం, చేతులు వద్దు. ఎవరు ఏం వేసినారో కనపడకుండా వేయొచ్చా?"

"సభ ఒప్పుకుంటే గుప్తంగా మాడబహుదు తిప్పన్నా, చేయొచ్చు. కానీ లెక్క నా ముందరే కావాల. పుస్తకంలో ఎంతమంది సైన్ మాడ్తారో, పెట్టెలో అన్నే ఓట్లుండాల. ఒకటి తక్కువైనా మొత్తం రద్దు."

"చీటీలు అచ్చు వేద్దామా?"

"కన్నడదల్లా, తెలుగల్లా?"

కన్నడంలో వేయాలా తెలుగులో వేయాలా అని ఆమె అడిగిందో లేదో, బయట వరండాలో ఉన్న ఇద్దరు మనుషులు అప్పుడే కొట్టుకోవడానికి చొక్కా చేతులు మడుస్తున్నారు. అప్పుకు ముందు అక్షరాల మీద యుద్ధం వచ్చేలా ఉంది. అప్పుడు మెరిసింది నా బుర్ర. అక్షరమే లేని ఓటు! గింజలు!

ట్యాంకు కావాలంటే ఒలిచిన వేరుశెనగ గింజ, వద్దంటే చింతగింజ. ఒక్కో మనిషికి రెండూ ఒక్కొక్కటి ఇస్తాం. దుప్పటి తెర వెనక ఒక కుండ. కావలసింది అందులో వేసి, మిగిలింది జేబులో వేసుకుని రావడమే. వేరుశెనగను మేం బుడ్డలంటాం. క్యాంపువాళ్ళు పల్లీలంటారు, కన్నడంవాళ్ళు శేంగా అంటారు. పేరు మీద ఎవరూ పోట్లాడలేదు. ఎందుకంటే నోట్లో వేసుకున్నాక మూడూ ఒకటే. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పుడు నాకు వణుకు వస్తోంది. అప్పుడు రాలేదు.

"మరి పల్లీనే ఎందుకండీ?" అన్నారు సుబ్బారావు గారు.

"తినేది పెడితే ఔను, తినలేనిది పెడితే కాదు. ముసలోళ్ళు కూడా మరిచిపోరు సార్."

"అబ్బబ్బా! ఏం బుర్రండీ మీది!"

నిజమే, అలాంటి బుర్ర ఇంకొకటి ఉండకూడదు.

చింతగింజలు ఇంట్లోనే ఉన్నాయి. బుడ్డలకు నేనే స్వయంగా బళ్ళారి వెళ్ళి, కౌల్ బజార్‌లో ఆటోలు, బైకులు తప్పించుకుంటూ మస్తాన్ భాయ్ అంగడి చేరాను.

"కచ్చా హోనా క్యా, భునే సో?" అన్నాడు ఆయన. పచ్చివా, వేయించినవా అని.

"భాయ్, ఇవి తినేదానికి కాదు. ఓటేసేదానికి."

మస్తాన్ భాయ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని నన్ను చూశాడు. "ఓటుకైతే భునే సో తీసుకోండి సాబ్. పచ్చివి చెమటకు మెత్తబడతాయి. ఓటు గట్టిగా ఉండొద్దా?"

"అదీ నిజమే."

"ఉప్పు?"

పచ్చివి తీసుకుని వచ్చి ఉంటే ఈ కథ లేదు. కనీసం ఉప్పు వద్దనే అవకాశమైనా దేవుడు నాకు ఇచ్చాడు. నేనేమన్నానో తెలుసా? "వేయి భాయ్. ఊరి మర్యాద."

కిలో తీసుకున్నాను. బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుంటే, ఆ వాసనకు ముందు సీటువాడు వెనక్కి తిరిగి కూర్చున్నాడు. కండక్టరు రెండుసార్లు టికెట్ అడిగాడు. "ఇవి ఎన్నికల సామాను, ముట్టుకోకూడదు" అని గదమాయించాను. బస్సు మొత్తం నోరూరుతూ నన్ను గౌరవించింది.

సభ రోజు వచ్చింది. పది గంటలకు అని నోటీసు. పంచాయితీ ముందు షామియానా, నీడలో జనం. వాకిట్లో బల్ల వేసుకుని నేను. సంతకం పెట్టిన ప్రతివాడి అరచేతిలో ఒక బుడ్డ, ఒక చింతగింజ తీర్థం పోసినంత భక్తిగా పెట్టాను. "ఒక మనిషికి ఒక్కటే. పారేసుకుంటే మళ్ళా ఇచ్చేది లేదు. సంతకం పెట్టినోళ్ళంతా కుండలో ఏదో ఒకటి వేసే తీరాల, తక్కువైతే రద్దు!" అని ప్రతివాడికీ చెప్పాను. నూట ఇరవై మంది పెట్టారు. నూట ఇరవై ఒకటో సంతకం నాది.

పదిన్నరకు కూరెకుప్ప నుంచి బస్సు దిగింది ఈరమ్మ, ఆ నూట ఇరవైలో ఆఖరి సంతకం ఆమెదే. చేతిలో అదే బ్యాగు.

"వచ్చినావామ్మే!" అన్నాను.

"ఓటేసేదానికి వచ్చినా, కాపురానికి కాదు. నాలుగు గంటలకు తిరుగు బస్సుండాది. తీర్మానం గెలిస్తే బ్యాగు ఇంట్లో పెడతా. ఓడితే బస్సులో పెడతా."

నా నిజాయితీ చూపిద్దామని, మిగిలిన బుడ్డల సంచిని ఊరందరి ముందూ నా అంగడిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఆమె చేతికే ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది. నా జీవితంలో నిజాయితీ వల్ల లాభపడిన సందర్భం ఒక్కటీ లేదు, ఇది కూడా అంతే.

పదకొండయింది. మేడం రాలేదు. పక్క ఊరి సభలో ఏదో రగడ, అక్కడ ఇరుక్కుంది. ఫోను చేస్తే, "బందె, బందె, హత్తు నిమిష" అంది. వస్తున్నా, పది నిమిషాలు అని. ఆ పది నిమిషాలు మూడు గంటలు సాగాయి.

మీరే ఆలోచించండి. పొద్దున వేళకు ఏమీ తినకుండా వచ్చిన జనం. ఎండ. షామియానా కింద గాలి లేదు. నూట ఇరవై అరచేతుల చెమటకు కరుగుతున్న ఉప్పు, మెల్లగా లేస్తున్న వేయించిన వాసన. యుద్ధంలో సైనికులకు కూడా ఇలాంటి పరీక్ష పెట్టరు.

పన్నెండుకు నా పక్కనే చిన్న చప్పుడు. కటుక్.

చూస్తే మా వీధి గంగవ్వ. ఎనభై ఏళ్ళది. ముఖం గోడవైపు తిప్పుకుని కూర్చుంది.

"ఏందవ్వా ఆ చప్పుడు?"

"పన్ను నాయనా."

"నీకు పండ్లు లేవు కదవ్వా?"

"అందుకే ఇంతసేపు పట్టె."

లేచి నిలబడి గట్టిగా అరిచాను. "ఓట్లు తినొద్దప్పా! ఎవరూ ఓట్లు తినొద్దు!" అరవకుండా ఉన్నా బాగుండేది. అంతవరకూ అవి తినవచ్చన్న ఆలోచన చాలామందికి రాలేదు. నేను కూర్చునేలోపల షామియానాలో ఆ మూల కటుక్, ఈ మూల కటుక్. కాసేపటికి వడగళ్ళ వాన పడినట్టుంది.

వాటర్‌మ్యాన్ మల్లప్ప వచ్చాడు. "తిప్పన్నా, ఇంకో బుడ్డ ఇయ్యప్పా. మొదటిది జారిపాయ."

"యాడికి?"

మల్లప్ప నిజాయితీపరుడు. కడుపు తట్టి చూపించాడు.

"ఇచ్చేది లేదు. ఒక మనిషికి ఒకే ఓటు."

వెనకే ఇంకొకడు. "నేను సగమే కొరికినా. సగం ఓటు చెల్లుతాదా?"

రూలు నాకు తెలియదు. తయారుచేశాను. "చెల్లదు."

"అట్లయితే ఈ సగం ఎందుకు కాపలా కాయాల?" అని దాన్ని కూడా నోట్లో వేసుకుని వెళ్ళాడు.

సుబ్బారావు గారు మాత్రం మర్యాదగా వచ్చారు. "మా గోదావరిలో అయితేనా, సభకు భోజనాలు పెడతారండి" అని తలవంచుకుని వెళ్ళిపోయారు. పెదవి మీద ఉప్పు మెరుస్తూనే ఉంది.

హనుమంతప్ప ఒక్కడు కుర్చీలో నిబ్బరంగా ఉన్నాడు. ఇంటినుంచి టిఫిన్ క్యారియర్ తెప్పించుకుని, నాలుగు గిన్నెలూ విప్పి తిని, తేన్చి, తన రెండు గింజలనూ మోకాలి మీద పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటున్నాడు.

రెండు గంటలకు మేడం జీపు వచ్చింది. సభ గుప్త ఓటుకు ఒప్పుకుంది, తీర్మానం చదివారు, తెర వెనక్కి ఒక్కొక్కరే వెళ్ళారు. బయటికి వచ్చేటప్పుడు ప్రతివాడి ముఖం పక్కింటి అద్దం పగలగొట్టి వచ్చిన పిల్లాడి ముఖంలా ఉంది. అదంతా ప్రజాస్వామ్యం మీద భయభక్తులనుకుని నేను మురిసిపోయాను. చివరగా నేను వెళ్ళి, నా బుడ్డను కళ్ళకద్దుకుని కుండలో వేశాను.

కుండను బోర్లించారు. మేడం తన చేతులతో వేరుచేసి, రెండుసార్లు లెక్కపెట్టింది.

"బుడ్డలు అరవై. చింతగింజలు అరవై ఒకటి. తీర్మానం బిద్దోయ్తు."

ఓడిపోయిందని కన్నడంలో చెప్పినా అందరికీ అర్థమైంది. హనుమంతప్ప లేచి, పంచె సర్దుకుని, రెండు చేతులూ జోడించాడు.

"ఊరు తీర్పు చెప్పింది. ట్యాంకు వద్దు, ట్యాంకరే ముద్దు! ఈ నమ్మకాన్ని నేను ప్రాణమిచ్చి కాపాడతా."

నేను ఈరమ్మ వైపు చూశాను. ఆమె బ్యాగు ఎత్తుకుంది. వాకిలి దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఈరమ్మ ఆగితే ఎవరికో మూడిందని నాకు పాతికేళ్ళ అనుభవం.

"ఒక నిమిషం మేడం. గంగవ్వా, కొళాయి వస్తే మొదటి బిందె నాదే అని పోయిన వారం ఫోన్లో చెప్తివి. ఇప్పుడేం వేస్తివి?"

"చింతగింజ."

"ఎందుకవ్వా?"

"నా దగ్గర ఉండేది అదే కదా తల్లీ. బుడ్డ తింటి. వేలిముద్ర వేసినోళ్ళు ఏదో ఒకటి వేయాల, లేకుంటే రద్దు అని నీ మొగుడే కదా నెత్తిన కొట్టినట్టు చెప్పె!"

మేడం చేతిలోని పెన్ను ఆగిపోయింది. సుబ్బారావు గారు లేచారు. పాపభారం మొయ్యలేని మనిషి.

"నాదీ అంతేనండీ. ట్యాంకు కోసమే వచ్చానండి, ఒట్టు. పల్లీ నిలబడలేదండి."

"నేనూ ట్యాంకుకే వస్తి!" అన్నాడు మల్లప్ప. "బుడ్డ తిని చింతగింజ వేస్తి!"

"నేనూ తింటి!"

"మా ఇంట్లో ముగ్గురమూ తింటిమి!"

ఇక చూడండి. ఇన్నేళ్ళు హనుమంతప్ప ఎదుట చెయ్యి ఎత్తడానికి దడిసిన జనం, బుడ్డ తిన్న తప్పు దిద్దుకోవడానికి, ట్యాంకు కావాలని ఆయన ముఖం మీదే గొంతు చించుకుని అరుస్తున్నారు. గుప్త ఓటు కోసం నేను కట్టిన దుప్పటి తెర ఎవరి కాలికో తగిలి కింద పడింది. ఎవరూ లేపలేదు. ఇక దానితో పనేముంది?

హనుమంతప్ప తన ట్రాక్టరు డ్రైవరు వైపు తిరిగాడు. వాడు ఆయనకు అక్క కొడుకు.

"ఒరేయ్, నువ్వన్నా?"

"నేనూ తింటి మామా."

"అంటే నువ్వూ ట్యాంకుకేనా?"

"ట్యాంకరు నేనే తోలతా గానీ, ఇంట్లో బిందె మోసేది నా పెండ్లాం కదా మామా."

హనుమంతప్ప కుర్చీలో కూలబడ్డాడు. మేడం ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఫైలు ఊగుతోంది. ఏడుస్తోందేమో అనుకున్నాను, తీసి చూస్తే నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు. గంగవ్వ అంతకన్నా గట్టిగా నవ్వింది. తర్వాత షామియానా మొత్తం.

"మేడం, మరి వీళ్ళందరినీ బుడ్డల్లో కలిపేద్దామా?" అన్నాను ఆశగా.

"కుండలో ఉండేదే ఓటు తిప్పన్నా. కడుపులో ఉండేదాన్ని లెక్క మాడే రూలు ఇల్లప్పా. ఈ దినం ఓడింది ఓడినట్టే. పదైదు దినాలకు మళ్ళా సభ. ఈసారి చేతులే. గింజలు తెస్తే నిన్ను లోపలికి బిడల్ల, రానియ్యను."

నాలుగు గంటల బస్సు వచ్చింది. ఈరమ్మ బ్యాగు బస్సులోకే వెళ్ళింది. కిటికీలోంచి తాళంచెవి నా మీదకు విసిరింది.

"పదైదు దినాలు. అంతవరకు మిగిలిన బుడ్డలు తిను."

తిన్నాను. పొద్దున బుడ్డలు, మధ్యాహ్నం బుడ్డలు, రాత్రి నేను కాల్చిన రొట్టె. పన్నెండో రోజుకు నా చొక్కా నుంచి కూడా వేయించిన వాసన వస్తుంటే, జిరాక్స్‌కు వచ్చినవాళ్ళు కాగితాలు మరిచిపోయి నన్ను వాసన చూసి వెళ్ళేవాళ్ళు.

రెండో సభకు మేడం సరిగ్గా పదికే వచ్చింది. తీర్మానం చదివి, ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంది. ఎప్పటి అలవాటు మరిచి, హనుమంతప్ప వైపు ఒక్కడూ చూడలేదు. ఒక్కసారిగా లేచాయి చేతులు. గంగవ్వ అయితే రెండూ ఎత్తింది, ఒకటి దించమని బతిమాలాల్సి వచ్చింది. అప్పుడు హనుమంతప్పే అటు చూశాడు, ఇటు చూశాడు, తన డ్రైవరు చెయ్యి చూశాడు, మెల్లగా ఆయన చెయ్యి కూడా లేచింది. సగంలో ఆపి అడిగాడు.

"పైపులు, ఇసక, సిమెంటు, అన్నీ నా ట్రాక్టర్లోనే రావాల. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాం మామా!" అంది సగం ఊరు. "చిన్నాయనా!" అంది పావు ఊరు. మిగిలిన పావు కూడా ఆ రోజు మనస్ఫూర్తిగా అన్నా అంది. చెయ్యి పూర్తిగా లేచింది.

బ్యాగు ఆ సాయంత్రమే ఇంట్లోకి వచ్చింది. కొళాయి రావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది గానీ, ఊరు ఒప్పుకున్నాక తాను ఆగగలనని ఈరమ్మ దయతలిచింది. మొదటి నీళ్ళు వచ్చిన రోజు వీధి వీధంతా బిందెలు వదిలేసి ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. గంగవ్వ కొళాయి కింద తల పెట్టి కూర్చుంటే లేపడానికి ముగ్గురు కావలసి వచ్చింది. హనుమంతప్ప కూడా తడిశాడు, వాళ్ళ మేనల్లుడే తడిపాడు. నా పేరు మాత్రం ఆ రోజు నుంచి బుడ్డల తిప్పన్న. అంగడి బోర్డు మీద ఎవరో సుద్దముక్కతో రాసి కూడా పెట్టారు. రెండుసార్లు తుడిచాను. ఇప్పుడు తుడవడం లేదు, గిరాకీ పెరిగింది.

కనుక, ఊరి కొళాయి సాక్షిగా, ట్యాంకు సాక్షిగా, తలుపు దగ్గర ఇంకా గట్టిగానే ఉన్న నా జొన్నరొట్టె సాక్షిగా శపథం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ ఓటింగు జరపాల్సి వస్తే, నమలదగినది, చప్పరించదగినది, మింగదగినది ఏదీ ఓటుగా వాడను. ఇనుప బోల్టులు వాడతాను. అవి కూడా ఉప్పు తగలకుండా, కిరసనాయిల్‌తో కడిగి ఇస్తాను.

అయితే మొదట్లో ఉగ్గాని మీద ఒట్టేశాను. రేపు పొద్దున హోటలుకు వెళ్ళాలి. అందుకని నిజం చెప్పేస్తాను. ఇందులో అంతా జరిగిందే, ఒక్క వాక్యం నేను కల్పించింది. నా బుడ్డను కళ్ళకద్దుకుని కుండలో వేశానన్నానే, అది. పదకొండున్నరకే తినేశాను. గంగవ్వ కన్నా అరగంట ముందు. కుండలో నేను వేసింది చింతగింజ. మీరు లెక్కలు వచ్చినవాళ్ళు, అరవైకీ అరవై ఒకటికీ మధ్య ఏముందో నేను వివరించనక్కరలేదు. ఆ పదిహేను రోజుల రొట్టెలు నాకు నేనే కాల్చి పెట్టుకున్నాను.

ఓడించిన ఆ ఒక్క ఓటు ఎవరిదో కనుక్కోవాలని ఈరమ్మ ఈ రోజుకూ వదిలిపెట్టలేదు. నీళ్ళు పట్టుకునేటప్పుడు పక్కింటివాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతూనే ఉంది. ఆమె చదివింది కన్నడ బడిలో. నన్ను పొద్దస్తమానం తెలుగులోనే తిడుతుంది గానీ, తెలుగు అక్షరం చదవలేదు. నేను మాత్రం ఆదోనిలో మేనత్త ఇంట్లో ఉండి తెలుగు చదువుకున్నాను. అందుకే ఇది తెలుగులో రాశాను. మీరెప్పుడైనా మావైపు వస్తే తప్పకుండా మా ఇంటికి రండి. కొళాయి నీళ్ళు తాగండి. చదివింది మాత్రం కడుపులో పెట్టుకోండి.